ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ మొరాయిస్తే: మోటరు మార్చేముందు వరుసగా చూడాల్సినవి

హ్యాండ్ బ్రేక్ వదలడానికి స్విచ్ నొక్కారు, ఎర్ర లైటు ఆరలేదు. లేదా ఆరింది, కానీ వెనక చక్రం ఒకటి పట్టుకునే ఉంది. లేదా పసుపు లైటు వెలిగి బండి బీప్ బీప్ మంటోంది. ఈ మూడింటికీ చాలా షెడ్లలో వినబడే జవాబు ఒకటే: "మోటరు పోయింది, క్యాలిపర్ సెట్టు మార్చాలి." (క్యాలిపర్ అంటే ప్యాడ్లను చక్రం డిస్కుకు నొక్కి పట్టే భాగం.) నిజంగా మోటరు పోయే సందర్భాలూ ఉన్నాయి. కానీ ఈ బ్రేక్ మొరాయించడానికి దారితీసే వాటిలో బలం తగ్గిన బ్యాటరీ, బ్రేక్ లైటు స్విచ్, చక్రం దగ్గర తెగిన వైరు, బిగుసుకున్న గైడ్ పిన్ (క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే కడ్డీ) ముందు వరసలో ఉంటాయి. వీటిని చూడటానికి పట్టేది ఒక పూట. చూడకుండా కొత్త మోటరు బిగిస్తే పాత తప్పు మళ్లీ అక్కడే కూర్చుంటుంది. అందుకే ఇక్కడ వరస ముఖ్యం, తేలిక నుంచి కష్టానికి.

లోపల జరిగేది

క్రెటా, సెల్టోస్, సఫారీ లాంటి బండ్ల పై వేరియంట్లలో వెనక రెండు క్యాలిపర్లకూ అంటిపెట్టుకుని ఒక్కో నల్లటి ప్లాస్టిక్ డబ్బా కనబడుతుంది. సెల్టోస్ అయితే మన పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలోనే 2019 నుంచి తయారవుతోంది కాబట్టి అనంతపురం రోడ్ల మీద వీటికి కొదవ లేదు. ఆ డబ్బాలో 12 వోల్టుల చిన్న మోటరు, వేగం తగ్గించి బలం పెంచే గేర్లు ఉంటాయి. గేర్లు తిరిగితే క్యాలిపర్ లోపలి మర తిరుగుతుంది. ఆ మర మీది నట్టు ముందుకు జరిగి పిస్టన్‌ను తోస్తుంది, ప్యాడ్లు డిస్కును పట్టుకుంటాయి. కాలి బ్రేకు ఆయిల్ ఒత్తిడికీ దీనికీ సంబంధం లేదు, పిస్టన్ మాత్రం ఒక్కటే.

ఇందులో రెండు సంగతులు గుర్తుంచుకుంటే మిగతా పరీక్షలన్నీ అర్థమవుతాయి. ఒకటి, మర తనంతట తాను వెనక్కి తిరగదు. కరెంటు పోయినా పట్టు వదలదు. భద్రత అక్కడే ఉంది, బ్యాటరీ చచ్చిన రోజు బండి కదలకపోవడమూ అక్కడి నుంచే వస్తుంది. రెండు, ఎంత గట్టిగా పట్టిందో చెప్పే సెన్సారు సాధారణంగా ఉండదు. మోటరు ఎంత కరెంటు లాగుతోందో చూసి కంట్రోల్ యూనిట్ అంచనా వేస్తుంది. ప్యాడ్లు డిస్కుకు ఆనగానే కరెంటు పెరుగుతుంది, నిర్ణయించిన హద్దు చేరగానే ఆపేస్తుంది. అంటే కరెంటు దారిలో ఎక్కడ తేడా వచ్చినా బ్రేకే చెడినట్టు కనబడుతుంది.

కొన్ని మోడళ్లలో క్యాలిపర్ మీద మోటరు ఉండదు. బండి కింద ఒకే మోటరు ఉండి తీగలను లాగుతుంది. అక్కడ తీగ బిగుసుకోవడం, సాగడం అదనంగా చూడాలి. విద్యుత్ పరీక్షలు రెండింటికీ ఒకటే.

అసలు లోపమేనా?

యాక్సిలరేటర్ తొక్కితే తనంతట తాను వదలడం లేదని బండి తెచ్చేవాళ్లున్నారు. చాలా బండ్లలో అలా వదలాలంటే డ్రైవరు సీటు బెల్టు పెట్టుకోవాలి, డ్రైవరు తలుపు, బానెట్, డిక్కీ మూసి ఉండాలి, గేరు పడి ఉండాలి. డిక్కీలో టమాటా బుట్టలు పట్టక తాడు కట్టి సగం తెరిచి నడిపితే బ్రేకు తనంతట తాను వదలదు. అది లోపం కాదు. బ్రేక్ పెడల్ తొక్కి స్విచ్ నొక్కితే వదలాలి, అప్పుడూ వదలకపోతే ముందుకు వెళ్లండి.

ఇంకోటి. గువ్వలచెరువు ఘాట్ దిగి వచ్చి ఆపిన కాసేపటికి, బండిలో ఎవరూ లేకుండానే వెనక చక్రాల నుంచి "జ్‌ర్‌ర్" మని చప్పుడు రావచ్చు. వేడెక్కిన డిస్కు చల్లారుతూ సన్నబడితే పట్టు తగ్గుతుంది, అందుకని కొన్ని బండ్లలో కంట్రోల్ యూనిట్ ఇంకోసారి బిగిస్తుంది. భయపడనక్కర్లేదు.

పని మొదలుపెట్టే ముందు

నేల మట్టంగా ఉండాలి. ఈ పనిలో ఏదో ఒక దశలో వెనక బ్రేకు పూర్తిగా వదిలేస్తాం, కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లో చెక్క దిమ్మెలో అడ్డం పెట్టండి. ఆటోమేటిక్ అయితే పీ లో, మాన్యువల్ అయితే మొదటి గేరులో ఉంచండి, ఇంజిన్ స్టార్ట్ చేయాల్సిన పరీక్షల్లో మాత్రం న్యూట్రల్‌కు తెచ్చి చేయండి. జాకీ మీదే బండిని వదిలి కిందికి దూరకండి, స్టాండు పెట్టండి. మన దగ్గర ఇళ్ల ముందు కడప బండలు పరచడం మామూలు. ఆ బండ మీద స్టాండు కాలు నేరుగా ఆనితే బరువంతా చిన్నచోట పడి బండ పొరలుగా చీలుతుంది, స్టాండు వాలుతుంది. మందమైన చెక్క పలక వేసి దాని మీద స్టాండు నిలపండి, లేదా సిమెంటు నేల చూసుకోండి.

కావలసినవి: మల్టీమీటరు, డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు (మామూలు క్లాంప్ మీటర్లు ఏసీ మాత్రమే చూపిస్తాయి, కొనేటప్పుడు అడగండి), ఛాసిస్ కోడ్లు (బ్రేకుల వైపు లోపాలకు బండి దాచుకునే గుర్తులు) చదివి బ్రేక్ సర్వీస్ మోడ్ పెట్టగల స్కానరు, స్టార్ బిట్ల సెట్టు, టార్క్ రెంచి, బ్రేక్ క్లీనరు, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు, పిస్టన్ నెట్టే సి-క్లాంప్. ఇంజిన్ కోడ్లు మాత్రమే చదివే చవక బ్లూటూత్ ప్లగ్గు ఈ పనికి రాదు.

1. బ్యాటరీ

రాత్రంతా ఆగిన బండిలో, ఏదీ ఆన్ చేయకముందు బ్యాటరీ మొనల దగ్గర మీటరు పెట్టండి. 12.4 నుంచి 12.7 వోల్టులు ఉంటే సరే. 12.2 కంటే తక్కువైతే ముందు ఛార్జి పెట్టి తర్వాత మిగతా సంగతి చూడండి. స్టార్ట్ చేస్తున్నప్పుడు 9.6 కిందికి పడకూడదు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొత్త తరం ఛార్జింగ్ ఉన్న బండ్లలో కొంత తక్కువ కనబడినా లైట్లు, ఏసీ వేస్తే పెరగాలి.

మన ఎండలు బ్యాటరీని త్వరగా తినేస్తాయి. 40 డిగ్రీల ఎండలో నిలబడే బండి బ్యాటరీ చల్లటి ఊళ్లలో వచ్చినంత కాలం రాదు. పిల్లలు బెంగళూరులో ఉండి బండి నెలల తరబడి ఇంటి ముందు కవరు కింద ఉండే ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. ఇంజిన్ ఎలాగో స్టార్ట్ అవుతుంది, కానీ బ్రేకు మోటర్లు రెండూ ఒకేసారి లాగే కరెంటుకు వోల్టేజీ పడిపోయి కంట్రోల్ యూనిట్ పని మధ్యలో ఆపేస్తుంది. పూర్తిగా డౌన్ అయితే వేరే బ్యాటరీ నుంచి జంపర్ కేబుల్ వేసి, ఇంజిన్ నడుస్తుండగా స్విచ్ నొక్కి చూడండి. మొనల మీది తెల్లటి పొడి గీకి, బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బోల్టు కూడా ఊడదీసి తుడిచి బిగించండి.

2. బ్రేక్ లైట్లు

డబ్బు ఖర్చు లేని పరీక్ష ఇది. చీకటి పడ్డాక బండిని గోడకు వెనక్కి ఆనించినట్టు నిలిపి పెడల్ తొక్కండి. గోడ మీద ఎర్రటి వెలుగు పడాలి. పడకపోతే, లేక పెడల్ బాగా లోతుకు తొక్కితేనే పడితే, పెడల్ దగ్గరి స్విచ్ చెడింది. మీరు పెడల్ తొక్కారన్న సంగతి కంట్రోల్ యూనిట్‌కు చేరడం లేదు, అందుకే బ్రేకు వదలడం లేదు. ఆటోమేటిక్‌లో గేరు కూడా పీ నుంచి కదలకపోతే అనుమానం నూటికి నూరుపాళ్లు ఇటే. స్విచ్ మార్చడం చిన్న పని. బల్బులు రెండూ మాడి ఉన్నా వెలుగు రాదు, ముందు అవి చూసుకోండి.

3. పైన ఉండే స్విచ్

ఇది గేరు పక్కన, కప్పు పెట్టే గూడుకు ఆనుకుని ఉంటుంది. వేసవిలో అందులో పెట్టిన నన్నారి షర్బత్ ఒలికిందంటే చక్కెర పాకం లోపలికి దిగి కాంటాక్టుల మీద గడ్డకడుతుంది. స్విచ్‌లో ఒక్క జత వైర్లు కాకుండా అనేక వైర్లు ఉండటానికి కారణం, ఒకటి చెడినా కంట్రోల్ యూనిట్ పసిగట్టాలని. ఒక దారి ఆన్ అని, ఇంకో దారి ఆఫ్ అని చెబితే యూనిట్ దేన్నీ నమ్మక లైటు వేసి కూర్చుంటుంది. స్కానరు లైవ్ డేటాలో స్విచ్ స్థితి చూస్తూ పైకి లాగండి, కిందికి నొక్కండి. మీ వేలికి, తెరకు మధ్య తడబాటు కనిపిస్తే స్విచ్చే మార్చాలి. స్ప్రే కొట్టి నడిపించడం నాలుగు రోజుల ముచ్చట.

4. స్కానరు ఏమంటోంది

బ్రేకు, ఏబీఎస్ యూనిట్లలోని కోడ్లన్నీ రాసుకుని, చెరిపేసి, బ్రేకు రెండుమూడు సార్లు వేసి వదిలి, మళ్లీ చదవండి. వెంటనే తిరిగి వచ్చేవే అసలు కోడ్లు. సి తో మొదలయ్యేవి ఛాసిస్ సంబంధమైనవి, యు తో మొదలయ్యేవి యూనిట్ల మధ్య మాటలు ఆగిపోయినట్టు చెప్పేవి. తక్కువ వోల్టేజీ కోడ్ ఉంటే మొదటి మెట్టుకు వెళ్లండి. "ఎడమ మోటరు సర్క్యూట్" అని వస్తే మోటరు పోయిందని కాదు, ఆ వైపు దారిలో ఎక్కడో తేడా ఉందని మాత్రమే. ఈ ఒక్క తేడా తెలియక మార్చేసిన మోటర్లు ఎన్నో.

5. ఫ్యూజు నుంచి చక్రం దాకా

ఎక్కువ తప్పులు దొరికేది ఇక్కడే, కాబట్టి తీరిగ్గా చూడండి.

ముందు చెవులతో. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫ్యాను, పాటలు ఆపి, ఒకరు స్విచ్ లాగుతుంటే ఇంకొకరు వెనక చక్రాల దగ్గర కూర్చోండి. రెండు వైపులా ఒకే తీరు మూలుగు రావాలి, చివర్లో బరువుగా మారి ఆగాలి. ఒక వైపు నిశ్శబ్దమైతే దారి దొరికినట్టే.

బానెట్ కింది పెట్టెలో సాధారణంగా ఎడమకొకటి, కుడికొకటి ఫ్యూజులు ఉంటాయి. మూత లోపలి బొమ్మ చూసి, అందులో రాసిన ఆంప్సే వేయండి. ఫ్యూజు మాడిందంటే దానికి కారణం ఉంటుంది: ఒరుసుకుపోయిన వైరు, తిరగక బిగుసుకున్న మోటరు. పెద్ద ఫ్యూజు వేస్తే మాడేది వైరు.

తర్వాత చక్రం దగ్గరి రెండు పిన్నుల ప్లగ్గు. ఊడదీసి ఆకుపచ్చ తుప్పు, నీటి చెమ్మ, వదులైన పిన్ను ఉన్నాయేమో చూడండి. వాటర్ సర్వీసులో ప్రెషర్ గొట్టాన్ని చక్రం లోపలికి పెట్టి కొడతారు. ఉప్పు బోరునీళ్లయితే ప్లగ్గు రబ్బరు దాటి లోపలికి వెళ్లిన చుక్క ఆరిపోయాక ఉప్పు మిగులుతుంది. పైనుంచి సన్నటి ఎర్రదుమ్ము. అందుకే ఇక్కడి బండ్లలో పిన్నుల మీద గోధుమరంగు పేస్టులాంటిది పేరుకుంటుంది. కాంటాక్ట్ క్లీనరుతో కడిగి, ఆరనిచ్చి, ప్లగ్గు రబ్బరు అంచుకు పలచగా సిలికాన్ గ్రీజు రాయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ప్లగ్గు మోటరుకు పెట్టే ఉంచి, వెనకవైపు నుంచి మీటరు సూదులు దూర్చి, ఇంజిన్ నడుస్తుండగా స్విచ్ లాగించండి. బిగించేటప్పుడు ఒక దిశలో, వదిలేటప్పుడు గుర్తు మారి ఇంకో దిశలో వోల్టేజీ కనబడాలి. మోటరు తిరుగుతుండగా 11 కంటే పైనే ఉండాలి. 7, 8 కి పడిపోతే దారిలో నిరోధం ఉంది. ప్లగ్గు ఊడదీసి ఖాళీగా కొలిస్తే ఈ తప్పు దొరకదు. తెగిపోయి ఒక్క రాగి పోగు మిగిలిన వైరు కూడా మీటరుకు 12 వోల్టులు చూపిస్తుంది, బరువు పడినప్పుడే చేతులెత్తేస్తుంది.

అలాంటి వైరు దొరికే చోటు దాదాపు ఒకటే: బాడీ నుంచి చక్రానికి వేలాడే భాగం. గుంతలో పడ్డ ప్రతిసారీ అది వంగుతుంది. పైతోలు బాగానే ఉండి లోపల రాగి తెగి ఉంటుంది. వైరును రెండు వేళ్లతో పట్టుకుని అంగుళం అంగుళం మెల్లగా సాగదీస్తూ రండి. తెగినచోట తోలు రబ్బరులా సాగుతుంది, పక్కన గట్టిగా ఉంటుంది. ఆ ముక్క కోసేసి అదే మందం వైరు వేసి, క్రింపు స్లీవుతో కలిపి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం వేడిచేసి మూయండి. వంగే చోట టంకం పెట్టవద్దు. టంకం వైరులోకి పాకి కడ్డీలా గట్టిపడుతుంది, దాని అంచున మళ్లీ తెగుతుంది. అతుకును వంగని చోటికి జరపగలిగితే ఇంకా మంచిది. ఇన్సులేషన్ టేపు ఒక్కటే చుడితే మన ఎండకు జిగురు కరిగి విడిపోతుంది.

6. కరెంటు చెప్పే కథ

వైర్లు బాగున్నాయి, మోటరు దాకా వోల్టేజీ వస్తోంది. ఇప్పుడు ఒక్క వైరు చుట్టూ డీసీ క్లాంప్ పెట్టి బిగించే క్రమం చూడండి. ఆరోగ్యంగా ఉంటే మొదట ఒక గంతు, తర్వాత కొద్ది ఆంప్స్ దగ్గర నిలకడ, చివర్లో ప్యాడ్లు ఆనగానే ఎక్కి 15, 20 ఆంప్స్ దాకా వెళ్లి ఆగడం. అంకె బండిని బట్టి మారుతుంది, బాగున్న వైపుతో పోల్చండి.

వోల్టేజీ ఉండి కరెంటు సున్నా అయితే మోటరు లోపల బ్రష్షు గానీ తీగచుట్ట గానీ తెగింది. మొదలవగానే నేరుగా పైకెక్కి ఆగితే మోటరు తిరగలేకపోతోంది. మర గానీ గేరు గానీ బిగుసుకుంది. మోటరు తిరుగుతున్నా కరెంటు అసలు ఎక్కకపోతే గేరు పళ్లు అరిగాయి, లేదా ప్యాడ్లు అరిగిపోయి నట్టుకు అందాల్సింది అందడం లేదు. నిలకడ దశలోనే పక్కదాని కంటే చాలా ఎక్కువ లాగుతుంటే లోపలికి నీళ్లు పోయి గ్రీజు పాడైంది.

7. క్యాలిపర్ విప్పడం

స్కానరుతో బ్రేక్ సర్వీస్ మోడ్ పెట్టండి. నట్టు పూర్తిగా వెనక్కి వెళుతుంది. ఈ పని చేయకుండా సి-క్లాంప్‌తో పిస్టన్‌ను నొక్కితే లోపలి మర పాడవుతుంది, మంచి క్యాలిపర్ చేజేతులా పోయినట్టే. సర్వీస్ మోడ్ పెట్టాక ఇగ్నిషన్ ఆపి, తాళం దూరంగా పెట్టండి. క్యాలిపర్ ఊడి వేలాడుతుండగా ఎవరైనా స్విచ్ లాగితే పిస్టన్ బయటికి తోసుకొస్తుంది, దాని దారిలో వేలుంటే నలుగుతుంది.

గైడ్ పిన్ బోల్టులు విప్పి క్యాలిపర్ తీసి, స్ప్రింగుకు తాడుతో కట్టండి. గొట్టం మీద వేలాడదీయకండి. గైడ్ పిన్నులు రెండు వేళ్లతో నెడితే జారాలి. లాగాల్సి వస్తే అసలు తప్పు అదే కావచ్చు: పిన్ను జారక క్యాలిపర్ తిరిగి రాదు, మోటరు వదిలినా ప్యాడు వదలదు. పాత గ్రీజు తుడిచి, బ్రేక్ క్లీనరుతో కడిగి, సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. షెడ్డులో అలవాటుగా వాడే కిరసనాయిలు, పెట్రోలు, చక్రాల బేరింగు గ్రీజు ఇక్కడ పనికిరావు. వాటికి బ్రేకు రబ్బర్లు ఉబ్బి పిన్నును మరింత గట్టిగా పట్టుకుంటాయి.

ప్యాడ్లు బ్రాకెట్ గాడుల్లో స్వేచ్ఛగా కదలాలి. మందం 3 మిల్లీమీటర్లకు దగ్గరపడితే రెండు వైపులా మార్చండి, 2 కంటే తగ్గితే నడపకూడదు. పిస్టన్‌ను తిప్పకుండా నేరుగా, నెమ్మదిగా నెట్టండి. ఆయిల్ డబ్బా పొంగకుండా గమనించండి, బ్రేక్ ఆయిల్ పెయింటును లేపేస్తుంది. పిస్టన్ దుమ్ము రబ్బరు చిరిగి అంచున తుప్పు ఉంటే, మెల్లగా నెట్టినా కదలకపోతే, క్యాలిపర్ మార్చడమే దారి.

రోడ్డు మధ్య పట్టుకుపోయి స్కానరు లేనప్పుడు

బండిని ఈడ్చకండి. టైరు ఒకచోటే అరిగి గుండు పడుతుంది. ఫ్లాట్‌బెడ్ వాళ్ల దగ్గర చక్రాల కింద పెట్టే స్కేట్లు ఉంటాయి, అడగండి.

ఇంట్లోనే విడిపించాలంటే, ముందు చక్రాలకు అడ్డాలు పెట్టి, ప్లగ్గు ఊడదీసి, మోటరు డబ్బా పట్టుకున్న రెండు మరలు విప్పండి. డబ్బా నేరుగా వెనక్కి వస్తుంది. లోపల మర చివర నక్షత్రం తలలా కనబడుతుంది. సరిపడే బిట్టుతో కొంచెం తిప్పి చూడండి. బిగుసుకుంటే అది తప్పు దిశ, ఇంకోవైపు తిప్పండి. పట్టు తగ్గి చక్రం చేత్తో తిరగగానే ఆపేయండి, చివరిదాకా తిప్పితే నట్టు అడుగున ఇరుక్కుంటుంది. మోటరుకు నేరుగా బ్యాటరీ వైర్లు తగిలించే పద్ధతి కూడా షెడ్లలో నడుస్తుంది. ఏ దిశ వదిలేదో తెలియకుండా తగిలిస్తే ఇంకా బిగుస్తుంది, ఎక్కువసేపు ఉంచితే గేరు పళ్లు పోతాయి. చేతి బిట్టు నిదానమైనా నమ్మకమైనది. ఆ తర్వాత బండికి ఆ వైపు పార్కింగ్ బ్రేకు లేనట్టే లెక్క.

8. మళ్లీ బిగించడం

మోటరు ఒక్కటే దొరికే బండ్లలో క్యాలిపర్ మొత్తం కొనక్కర్లేదు. మోటరుకు, క్యాలిపర్‌కు మధ్య గుండ్రటి రబ్బరు రింగు ఉంటుంది, అది కొత్తదే వేయండి. కూర్చునే చోటు శుభ్రంగా తుడవండి. ఎర్రమట్టి గింజ ఒకటి ఇరుక్కున్నా ఆ సందులోంచి వచ్చే వానాకాలం నీళ్లు కొత్త మోటరులోకి దారి చేసుకుంటాయి. డబ్బా మరలు చేతి బిగింపుతో మొదలుపెట్టి, సర్వీస్ మాన్యువల్‌లోని కొలతకే ఆపండి. బలం పడితే ప్లాస్టిక్ చెవులు చిట్లుతాయి. కియా, హ్యుందాయ్ బండ్లలో గైడ్ పిన్ బోల్టులకు సాధారణంగా 22 నుంచి 32 న్యూటన్ మీటర్లు, చక్రం నట్లకు 107 నుంచి 127.

ఇక్కడ వరస తప్పకూడదు. మొదట ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ పెడల్‌ను గట్టిపడేదాకా మెల్లగా తొక్కండి. పిస్టన్ ప్యాడ్ల దాకా వస్తుంది. ఆ తర్వాతే సర్వీస్ మోడ్ నుంచి బయటికి వచ్చి, స్కానరు అడిగే కేలిబ్రేషన్ పూర్తి చేసి, బ్రేకు ఐదుసార్లు వేసి వదలండి. పెడల్ తొక్కకుండా నేరుగా స్విచ్ లాగితే నట్టు ఖాళీలో చాలా దూరం వెళ్లాల్సి వస్తుంది, అందాల్సిన సమయానికి కరెంటు ఎక్కకపోవడంతో యూనిట్ కొత్త కోడ్ పెట్టుకుంటుంది. బాగుచేసిన వెంటనే మళ్లీ లైటు వెలిగితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

కోడ్లు చెరిపి, మళ్లీ చదివి, ఏవీ లేవని నిర్ధారించుకోండి. రద్దీ లేని వాలులో, వెనక ఎవరూ లేనప్పుడు, కాలు పెడల్ మీద సిద్ధంగా ఉంచి బ్రేకు వేసి న్యూట్రల్‌లో పరీక్షించండి. బండి అంగుళం కూడా జారకూడదు. తర్వాత పది కిలోమీటర్లు, కాలి బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నడిపి వచ్చి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో వెనక డిస్కులు రెండూ కొలవండి. డిస్కును చేత్తో తాకకండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే బ్రేకు పూర్తిగా వదులుతోంది. ఒకటి చాలా ఎక్కువ వేడిగా ఉంటే ఆ వైపు గైడ్ పిన్నులు, పిస్టన్ మళ్లీ విప్పి చూడండి, అక్కడ ఇంకా ఏదో పట్టుకునే ఉంది.